జూపిటర్ అనే పేరు పుట్టుక: యుప్పితెర్, యొవిస్, ద్యౌష్పితః

సంధ్యక్షరం:
పాత రోమన్ల భాష లాటిన్. ఆ శబ్దరూపాల్లో రోమన్ల పెద్ద దేవుడు జూపిటర్ పేరు కుదురుగా లేదు. ప్రథమలో ‘యుప్పితెర్’. షష్ఠికి వచ్చేసరికి ‘యొవిస్’, చతుర్థి ‘యొవీ’, ద్వితీయ ‘యొవెమ్’. ‘పితెర్’ అనే ముక్క ప్రథమలో తప్ప ఇంకెక్కడా కనపడదు. రెండు వేర్వేరు పేర్లు ఒకే పట్టికలో కలిసిపోయాయా? ఇది వేదంలోని ద్యౌష్పితర్ (ఆకాశమనే తండ్రి) అని చాలా చోట్ల ఒక్క ముక్కలో తేల్చేస్తారు గానీ, ఏ అక్షరం ఎలా మారిందో ఎవరూ విప్పి చెప్పరు. బృహస్పతి కూడా ఇదే మాట అనేవాళ్లున్నారు. జెహోవా, జోవ్ (జూపిటర్‌కి ఇంగ్లీషులో మరో పేరు) ఒకటే అనేవాళ్లూ ఉన్నారు. తెలిసినవాళ్లు అక్షరం అక్షరం చొప్పున వివరించగలరా?

లాతియం:
సంధ్యక్షరం గారూ, మీరు ప్రథమ అనుకుంటున్నది పుట్టుకతో ప్రథమ కాదు, సంబోధన. బళ్లో అందరం వల్లెవేసిన ‘ఓ, ఓయీ, ఓరీ, ఓసీ’ విభక్తి అది. దేవుడి పేరు ఎక్కువగా వినపడేది ప్రార్థనలో, ప్రార్థనలో పేరు వచ్చేది పిలుపుగా. ‘ఓ ఆకాశమా, తండ్రీ!’ అనే పిలుపు తరతరాలుగా నోళ్లలో నాని, చివరికి అదే పేరై కూర్చుంది. మిగతా విభక్తుల్లో పిలుపు అవసరం లేదు కాబట్టి అక్కడ ‘తండ్రి’ చేరలేదు, మొదటి పదం ఒక్కటే మిగిలింది. యొవిస్ అంటే ‘ఆకాశం యొక్క’. అంటే పేర్లు రెండు కావు. ఒకే పదానికి ఒక చోట ‘తండ్రీ’ తగిలింది, మిగతా చోట్ల తగల్లేదు.

పాత లాటిన్‌లో యొవిస్‌ని ప్రథమగా వాడిన సందర్భాలూ ఉన్నాయి. తొలినాటి రోమన్ కవి ఎన్నియుస్ 12 మంది దేవతల పేర్లను రెండు పాదాల్లో ఇమిడ్చాడు. అందులో మెర్కురియుస్ పక్కన ‘యొవిస్’ అనే ఉంటుంది, యుప్పితెర్ అని ఉండదు.

ఇక అక్షరాలు. సంస్కృతం, గ్రీకు, లాటిన్‌లు పుట్టిన మూలభాషలో ఈ పదం *ద్యెవ్-. (చుక్క గుర్తు పెట్టామంటే ఆ రూపం ఏ రాతలోనూ దొరకలేదు, పోల్చి కట్టుకున్నది అని అర్థం.) దీని సంబోధన *ద్యెఉ. లాటిన్‌లో ‘ఎఉ’ ముందు ‘ఒఉ’ అవుతుంది, అది తర్వాత దీర్ఘమైన ‘ఊ’ అవుతుంది. పదం మొదట్లోని ‘ద్య’లో ‘ద’ రాలిపోయి ‘య’ మిగులుతుంది. కాబట్టి *ద్యెఉ, *ద్యొఉ, *యొఉ, యూ. ఇది ‘యుప్పితెర్’లో మొదటి సగం. రాలిపోయిన ‘ద’ ఊహించి చెప్పేది కాదు. క్రీ.పూ. 1వ శతాబ్దంలో రోమన్ పండితుడు వర్రో, ఈ దేవుణ్ణి పూర్వం ‘దియొవిస్’ అనీ ‘దియేస్పితెర్’ అనీ అనేవారని రాశాడు. లాటిన్‌కి చెల్లెలి వరస అయిన ఓస్కన్ భాషలో అగ్నోనె కంచు ఫలకం మీద చతుర్థీ రూపం ‘దియూవెయ్’ అని ‘ద’తో సహా చెక్కి ఉంది. 1848లో దొరికిన ఆ ఫలకం ఇప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

స్వరితం:
లాతియం గారు చెప్పిన పిలుపు రుగ్వేదంలో ఉన్నది ఉన్నట్టు కనపడుతుంది. 6వ మండలం, 51వ సూక్తం, 5వ మంత్రం: ‘ద్యౌష్పితః పృథివి మాతరధ్రుగ్ అగ్నే భ్రాతర్వసవో మృళతా నః’. ఆకాశమా తండ్రీ, ద్రోహమెరుగని భూమీ తల్లీ, అగ్నీ సోదరా, వసువులారా, మామీద దయ చూపండి. అన్నీ సంబోధనలే. ప్రథమ కావాలంటే 1వ మండలం 164వ సూక్తంలో ‘ద్యౌర్మే పితా జనితా’ ఉంది. లాటిన్ యుప్పితెర్‌ని మొదటి మంత్రం పక్కన, దియేస్పితెర్‌ని రెండోదాని పక్కన పెట్టి చదవండి. దియేస్పితెర్‌లో మొదటి భాగం ప్రథమా రూపమే.

స్వరం సంగతి కూడా చెప్పాలి, ఈ పోలికలో నాకు అన్నిటికంటే అపురూపంగా తోచేది అదే. ప్రథమలో ద్యౌః ఉదాత్తం (హెచ్చుస్వరం). సంబోధనలో మాత్రం స్వరితం (ఎక్కి దిగే స్వరం). సంబోధనలో ఉదాత్తం పదం మొదటికి జరగాలన్నది నియమం. ఈ పదాన్ని ‘దియౌః’ అని రెండు అక్షరాలుగా పలికిన కాలంలో ‘ది’ మీదికి ఉదాత్తం వెళ్లింది. తర్వాత రెండూ కలిసి ఒకే అక్షరమయ్యేసరికి ఎక్కి దిగే స్వరం మిగిలింది. గ్రీకులోనూ సరిగ్గా ఇంతే. అక్కడ ఇదే పదం వాళ్ల పెద్ద దేవుడి పేరు: ప్రథమలో ‘జెఉస్’ మీద తీవ్రస్వరం, సంబోధనలో ‘జెఉ’ మీద ఎక్కి దిగే వంపు స్వరం. వేదం స్వరంతో చదివేవాళ్లకి ఇది చెవికే తెలుస్తుంది.

సంధ్యక్షరం:
ఇద్దరికీ ధన్యవాదాలు. అయితే రెండో సగం తేలికే కదా? సంస్కృతంలో ‘పితర్’, లాటిన్‌లో ‘పితెర్’. ‘పి’కి ‘పి’, ‘త’కి ‘త’.

పదమూలం:
అక్కడే ఆగాలండీ. ఈ మొత్తం పోలికలో అందరినీ పడేసే గుంట ఆ ‘పి’. చూడగానే ఒకేలా ఉన్నది అదొక్కటే, నిజానికి కాకతాళీయమైనదీ అదొక్కటే.

విడి పదంగా లాటిన్‌లో తండ్రి ‘పతెర్’, ‘పితెర్’ కాదు. గ్రీకులోనూ ‘పతేర్’. సంస్కృతంలో ‘పితృ’. మూలభాషలో ‘ప’ తర్వాత అచ్చు లేదు, గొంతులోంచి పలికే ఒక హల్లు ఉండేది. రెండు హల్లుల మధ్య చిక్కుకున్న ఆ ధ్వని సంస్కృతంలో ‘ఇ’గా తేలింది, లాటిన్, గ్రీకుల్లో ‘అ’గా తేలింది. అందుకే పితృకి సరిజోడు ‘పతెర్’.

మరి ‘యుప్పితెర్’లో ‘ఇ’ ఎక్కడిది? అది లాటిన్ గడ్డ మీద, చాలా తర్వాత వచ్చింది. తొలినాటి లాటిన్‌లో ఊనిక (నొక్కి పలకడం) ఎప్పుడూ పదం మొదటి అక్షరం మీదే పడేది. అప్పుడు మధ్యలో చిక్కిన హ్రస్వ ‘అ’ బలహీనపడి ‘ఇ’ అవుతుంది. ‘ఫకియో’ (చేస్తాను) ముందు ఉపసర్గ చేరితే ‘కొన్‌ఫికియో’. ‘కపియో’ (పట్టుకుంటాను) ‘అక్కిపియో’ అవుతుంది. ‘కదో’ (పడతాను) ‘ఇన్‌కిదో’ అవుతుంది. అదే దారిలో ‘యూ’, ‘పతెర్’ విడివిడిగా ఉన్నంతకాలం ‘అ’ నిలిచింది, రెండూ ఒకే పదంగా అతుక్కున్నాక ‘పితెర్’ అయింది. అంటే ఆ ‘ఇ’ని చూసి మనం తెలుసుకోవాల్సింది వేరు: పిలుపులోని రెండు పదాలు ఊనిక మొదటి అక్షరం మీద ఉన్న రోజుల్లోనే ఒక్కటైపోయాయి.

సరిచూసుకోవడానికి ఉంబ్రియన్ భాష ఉంది. ఇటలీలోని గుబ్బియో ఊళ్లో భద్రపరిచిన 7 కంచు ఫలకాల మీద పూజావిధులు ఆ భాషలో ఉన్నాయి. అందులో ఇదే దేవుడి సంబోధన ‘యుపతెర్’. మధ్య అచ్చు ఇలా నలగని పొరుగు భాషలో ‘అ’ అలాగే నిలిచింది. ‘పితర్, పితెర్ ఒకటే’ అని రాసేవాళ్లు ఈ ఒక్క రూపం చూస్తే చాలు.

లాతియం:
పదమూలం గారి మాటకి ఇంకో ఊతం. రోమన్లు యుద్ధదేవుడు మార్స్‌ని కూడా ‘తండ్రీ’ అని పిలిచేవారు. అది ‘మార్స్‌పితెర్’ అయింది, అక్కడా ‘పి’యే. క్రీ.శ. 2వ శతాబ్దంలో రోమన్ రచయిత గెల్లియుస్ దీన్ని యుప్పితెర్, దియేస్పితెర్ పక్కనే ఉంచి చెప్పాడు. ఒకటి జాగ్రత్త: దియేస్పితెర్ వేరు, ‘దీస్ పతెర్’ వేరు. రెండోవాడు పాతాళానికి ప్రభువు. ఆ పేరులోని ‘దీస్’కి ధనవంతుడని అర్థం. రోమన్లు గ్రీకు ప్లూతోన్ పేరుని ఆ అర్థంతోనే తమ మాటలోకి తెచ్చుకున్నారు. రెండిటినీ కలిపేసిన పుస్తకాలు తక్కువేం కాదు.

‘ప్ప’ ద్విత్వం గురించి ఎవరూ అడగలేదు గానీ చెప్పేస్తాను. ‘యూపితెర్’లో దీర్ఘం పోయి, దాని బరువు పక్క హల్లుకి వెళ్లి ‘యుప్పితెర్’ అయింది. ఇలాంటి జంటలు లాటిన్‌లో ఇంకా ఉన్నాయి: అక్షరానికి ‘లీతెర’, ‘లిత్తెర’. తొట్టికి ‘కూప’, గిన్నెకి ‘కుప్ప’. ప్రామాణిక ముద్రణల్లో ఒత్తుతోనే ఉంటుంది. ఒత్తు లేకుండా రాస్తే ‘యూ’ దీర్ఘంగా పలకాలి. ఒత్తూ లేక దీర్ఘమూ లేక ‘యుపితెర్’ అని పలికితే అది ఏ కాలపు లాటిన్ కూడా కాదు.

గణవిభజన:
ఛందస్సు లెక్కలో ఆ రెండు రూపాలూ సమానమే. ‘యూ’ దీర్ఘం కాబట్టి గురువు. ‘యు’ హ్రస్వమే అయినా తర్వాత ద్విత్వం ఉంది కాబట్టి గురువు. మన లెక్కే అక్కడా.

అసలు విషయం చివరి అక్షరం దగ్గర ఉంది. లాటిన్ వీరకావ్యాల వృత్తంలో పాదానికి 6 గణాలు. ఒక్కో గణం భగణం (UII) గానీ రెండు గురువులు గానీ. చివరి గణంలో రెండే అక్షరాలు. అంటే రెండు గురువుల మధ్య ఒంటరి లఘువు ఎక్కడా ఇమడదు. ఇప్పుడు ‘యుప్పితెర్’ చూడండి. తర్వాతి పదం హల్లుతో మొదలైతే ‘తెర్’ గురువవుతుంది, మొత్తం రగణం (UIU) అవుతుంది, వృత్తంలో చొరదు. తర్వాతి పదం అచ్చుతో మొదలైతే ‘ర్’ దాని మీదికి పోయి ‘తె’ లఘువవుతుంది, చక్కటి భగణం. అందుకే రోమన్ కవి వర్జిల్ కావ్యంలో ‘యుప్పితెర్ ఒమ్నిపొతెన్స్’ (సర్వశక్తిమంతుడా) లాంటివే వస్తాయి. అతిథుల ప్రస్తావనలో ‘యుప్పితెర్ హొస్పితిబుస్’ అని ఒక పాదం మొదలవుతుంది. అక్కడ ‘హ’ హల్లు కదా అంటారేమో. లాటిన్ ఛందస్సు ‘హ’ని హల్లుగా లెక్కపెట్టదు.

రాశిచక్రం:
బృహస్పతి సంగతి నేను చూస్తాను. గ్రహం ఒకటే, మాట మాత్రం వేరు.

‘బృహస్పతి’ చివర ఉన్నది ‘పతి’, ప్రభువు అని అర్థం. ‘పితృ’ కాదు. పతికి లాటిన్ బంధువు ‘పొతిస్’ (సమర్థుడు). పైన గణవిభజన గారు రాసిన ‘ఒమ్నిపొతెన్స్’లో ఉన్నది ఆ కుటుంబమే. కాబట్టి జూపిటర్‌లోని ‘పిటర్’ని బృహస్పతిలోని ‘పతి’తో కలిపితే రెండు వేర్వేరు ధాతువుల్ని కలిపినట్టు.

గ్రహానికి ఈ పేర్లు వచ్చిన దారి ఇది. బాబిలోనియాలో ఈ గ్రహం మర్దుక్ దేవుడిది. గ్రీకులు తమ పెద్ద దేవుడి పేరు పెట్టి ‘జెఉస్ నక్షత్రం’ అన్నారు. రోమన్లు దాన్నే ‘స్తెల్ల యొవిస్’ అన్నారు. మన దగ్గర దేవగురువు పేరు పెట్టారు. వారాల పేర్లలో ఈ జత స్థిరపడింది. లాటిన్‌లో ‘యొవిస్ దియేస్’, ఫ్రెంచిలో ‘జుది’, ఇటాలియన్‌లో ‘జొవెది’, స్పానిష్‌లో ‘హువెవెస్’. అదే రోజు మనకి గురువారం. మధ్యప్రదేశ్‌లోని ఏరణ్ దగ్గర గుప్తరాజు బుధగుప్తుడి కాలపు స్తంభశాసనం ఉంది. గుప్త సంవత్సరం 165, ఆషాఢ శుక్ల ద్వాదశి, ‘సురగురోర్దివసే’ (దేవగురువు రోజున) అని రాసి ఉంది. క్రీ.శ. 484 అన్నమాట. మన శాసనాల్లో వారం పేరుతో తేదీ వేసిన తొలి వాటిలో అదొకటి. అక్కడున్న ‘దివసే’, లాటిన్‌లోని ‘దియేస్’ ఒకే ధాతువు పిల్లలు. అంటే గురువారం పేరులో దేవుడి మాట వేరైనా రోజు మాట చుట్టమే.

ఈ గ్రహం రాశిచక్రం చుట్టి రావడానికి పన్నెండేళ్లకు కాస్త తక్కువ, 11.86 ఏళ్లు పడుతుంది. సింహరాశిలో అడుగుపెడితే గోదావరికి, కన్యలో అడుగుపెడితే కృష్ణకి పుష్కరాలు. ఇక్కడ మన వాడుకలో ఉన్నది గురుడే గానీ ఆకాశదేవుడు కాదు.

ఓరుగల్లు_పాఠకుడు:
మా దిక్కు గురువారం అనరు, బేస్తారం అంటరు. బృహస్పతివారమే అట్ల అరిగింది. ‘బృహస్పతి’లోంచి ‘బేస్త’ రావచ్చు అంటే, ‘ద్యెఉ పతెర్’లోంచి ‘యుప్పితెర్’ రావటం పెద్ద వింతేం కాదు.

ఒక అనుమానం. అమరకోశంల ఇంద్రుడి పేర్లల్ల ‘దివస్పతి’ ఉన్నది గద. దివః పతి, ఆకాశానికి ప్రభువు. ‘దియేస్పితెర్’ పక్కన పెడితే రెండూ దగ్గర్నే వినపడుతున్నయి. అర్థమూ కలుస్తున్నది. ద్యౌష్పితర్ కంటె ఇదే దగ్గర కాదా?

పదమూలం:
మంచి ప్రశ్న అడిగారన్నా. సరిగ్గా ఇదే పోలిక సంస్కృతం నేర్చిన బ్రిటిష్ పండితుడు సర్ విలియం జోన్స్ కూడా చేశాడు. గ్రీసు, ఇటలీ, భారతదేశాల దేవతల మీద 1784లో రాసిన వ్యాసంలో రోమన్ల దియేస్పితెర్‌ని ఇంద్రుడి దివస్పతి నామంతో జతకట్టాడు. ఈ భాషలన్నిటికీ ఒకే మూలం ఉండొచ్చని 1786లో చెప్పిన మనిషే ఆయన. దారి సరైనదే, ఈ మెట్టు మాత్రం తప్పింది.

ఎందుకంటే, ‘దివస్’ ఇక్కడ షష్ఠి: ఆకాశం యొక్క. ‘దియేస్’ ప్రథమ. దివస్పతి అంటే ఆకాశానికి అధిపతి, అంటే ఆకాశం వేరు, ప్రభువు వేరు. దియేస్పితెర్ అంటే ఆకాశమే తండ్రి. పైగా ‘పతి’కి ఇకారాంతం, ‘పితెర్’కి చివర రేఫ. లాటిన్‌లో ఉత్తపుణ్యానికి చివర ‘ర్’ పుట్టదు. మీ బేస్తారం ఉదాహరణ బాగుంది, అది కూడా ఒక క్రమంలో అరిగినదే, ఇష్టం వచ్చినట్టు కాదు.

సంధ్యక్షరం:
అయితే లాటిన్ పేరు సంస్కృతంలోంచి వెళ్లిందనొచ్చా? ‘ద్యౌష్పితః’ అంత పాతది కదా.

స్వరితం:
అనకూడదండీ. వేదం మీద గౌరవం ఉన్నవాళ్లం కాబట్టే ఇది ఖచ్చితంగా చెప్పాలి. సంబోధనని మళ్లీ చూడండి. ‘ద్యౌష్పితః’లో ‘ష్’ ఉంది. అది ప్రథమ ‘ద్యౌః’లోని విసర్గ. నియమం ప్రకారం సంబోధనలో అది ఉండకూడదు. సంస్కృతం ప్రథమా రూపాన్నే సంబోధనకి కూడా వాడుకుంది. గ్రీకు ‘జెఉ’లో సకారం లేదు, లాటిన్ ‘యూ’లోనూ లేదు. ఈ ఒక్క చోట లాటిన్, గ్రీకులే పాత రూపాన్ని నిలబెట్టుకున్నాయి. సంస్కృతం నుంచి వెళ్లి ఉంటే ఆ సకారం వెంట వెళ్లేది.

అచ్చుల సంగతీ అంతే. మూలంలోని ‘అ, ఎ, ఒ’ మూడూ సంస్కృతంలో ‘అ’లో కలిసిపోయాయి. లాటిన్‌లో విడివిడిగా ఉన్నాయి: దశకి ‘దెకెమ్’, దమకి (ఇల్లు) ‘దొముస్’. కలిసిపోయిన వాటిని మళ్లీ తప్పు లేకుండా విడదీయడం ఎవరివల్లా కాదు. ఇవి అక్కచెల్లెళ్లు, తల్లీకూతుళ్లు కావు.

లింగం కూడా గమనించండి. అమరకోశంలో ‘ద్యోదివౌ ద్వే స్త్రియామ్’ అని ఉంది. ఆకాశం అనే అర్థంలో ఆ రెండు మాటలూ స్త్రీలింగం. వేదంలో ఎక్కువగా పుంలింగంగా ఉండి తండ్రి అనిపించుకున్న మాట, లౌకిక సంస్కృతానికి వచ్చేసరికి స్త్రీలింగమైంది. ఆ దేవుడు మన పూజల్లోంచి తప్పుకున్నాడు, రోమ్‌లో మాత్రం కపితోలియం కొండ మీద పెద్ద గుడిలో కూర్చున్నాడు.

ఇంకొకటి. తెలుగులో ‘దివి నుంచి భువికి’ అంటాం. దివి, భువి మనకి ప్రథమలో వాడే మామూలు నామవాచకాలు, సంస్కృతంలో అచ్చంగా అవే సప్తమీ రూపాలు. విభక్తి రూపం పేరుగా నిలిచిపోవడం మన చెవికి కొత్త కాదు. (దివిసీమలోని దివి వేరు, అది ద్వీపం.)

పదమూలం:
జెహోవా ప్రశ్న మిగిలింది. ఆ పేరు హీబ్రూలోని నాలుగు హల్లులకి ‘అదొనాయ్’ అనే మాటలోని అచ్చులు చేర్చి చదివితే వచ్చిన రూపం. జోవ్ అంటే ‘యొవిస్’లోని ‘యొవ్’. ఇది ‘ద్య’తో మొదలైన మాట, అది కాదు. ఇప్పటి ఇంగ్లీషు పలుకుబడిలో రెండిటికీ ముందు ‘జ’ వచ్చింది కాబట్టి దగ్గరగా వినపడుతున్నాయి, అంతే.

ఇలాంటివే ఇంకో రెండు. లాటిన్ ‘దెఉస్’ (దేవుడు), గ్రీకు ‘థెఓస్’ (దేవుడు). అర్థం ఒకటే, వినికిడి ఒకటే, చుట్టరికం లేదు. లాటిన్ ‘ద’కి గ్రీకులో ‘ద’ ఉండాలి: ‘దెకెమ్’కి ‘దెక’. గ్రీకు ‘థ’కి లాటిన్ పదం మొదట్లో ‘ఫ’ రావాలి. కాబట్టి థెఓస్ బంధువులు లాటిన్‌లో ‘ఫానుమ్’ (గుడి), ‘ఫేరియయ్’ (పండగ రోజులు). దెఉస్ బంధువు మన ‘దేవ’. రెండిటికీ మూలం *దెయ్‌వొస్. ‘ఒ’ ముందు వకారం పోతే ‘దెఉస్’, మిగతా చోట నిలిస్తే ‘దీవుస్’. ఒకే పదం రెండుగా చీలిందన్నమాట.

రెండోది జర్మానిక్ దేవుడు ‘త్యూర్’. 19వ శతాబ్దంలో మాక్స్ ముల్లర్ ద్యౌః, జెఉస్, యుప్పితెర్ వరుసలో త్యూర్‌ని కూడా కూర్చోబెట్టాడు. త్యూర్‌కి మూలం *దెయ్‌వొస్, అంటే ‘దేవ’కి జోడీ, ద్యౌః‌కి కాదు. ధాతువు ఒకటే, వెలగడం. కానీ పదం వేరు. అన్నదమ్ముడి కొడుకుని అన్నదమ్ముడనలేం కదా. లిథువేనియన్ ‘దియెవస్’ (దేవుడు) కూడా ఈ రెండో వరుసలోనిదే.

సంధ్యక్షరం:
అర్థం దగ్గరకొస్తాను. రోమన్లకి ఈ పేరులో ‘ఆకాశం’ వినపడేదా, లేక అప్పటికే వట్టి పేరుగా మారిందా?

లాతియం:
రెండూ. పండితులు సరిగా ఊహించలేకపోయారు, మాట మాత్రం మర్చిపోలేదు.

రోమన్ వక్త సిసెరో ‘యువారె’ (సాయపడటం) నుంచి లాగి ‘సాయపడే తండ్రి’ అని చెప్పాడు. యొవ్ శబ్దం పోలిక చూసి చేసిన ఊహ అది, నిలవదు. ‘యువారె’కి ముందు ఎప్పుడూ ‘ద’ లేదు, దియొవిస్‌కి ఉంది. వర్రో ‘దియేస్’తో కలిపి ‘పగటి తండ్రి’ అన్నాడు, ఆయనది దాదాపు సరైన దారి. నిజానికి ‘దియేస్’ ఈ పదంలోంచే పుట్టింది. *ద్యెవ్- ద్వితీయా రూపం సంస్కృతంలో ‘ద్యామ్’, గ్రీకులో ‘జేన్’, లాటిన్‌లో ‘దియెమ్’. వకారం మూడు చోట్లా లేదు, చూడండి. లాటిన్ వాళ్లు ఈ ‘దియెమ్’ని పట్టుకుని దానికో ప్రథమ తయారు చేసుకున్నారు, అదే ‘దియేస్’, రోజు. ఒక పాత పట్టిక రెండుగా చీలి ఒకవైపు దేవుడు, ఇంకోవైపు రోజు అయింది.

మామూలు మాటల్లో ఆకాశం అనే అర్థం బతికే ఉంది. రోమన్ కవి హొరేస్ వేటగాడి గురించి చెబుతూ ‘సుబ్ యొవె ఫ్రీగిదో’ అన్నాడు. మాటకి మాట పెడితే ‘చల్లని యొవ్ కింద’, అంటే చలిలో ఆరుబయట. ఎన్నియుస్ అయితే పైన తెల్లగా వెలుగుతున్న దాన్ని చూపించి, అందరూ యొవ్ అని పిలిచేది దీన్నే అన్నాడు.

నాకు అన్నిటికంటే బలంగా కనపడే సాక్ష్యం ప్రమాణం చేసే పద్ధతి. ‘దియుస్ ఫిదియుస్’ అనే పేరుతో ఇదే ఆకాశదేవుడు ప్రమాణాలకు సాక్షి. ఆయన గుడి కప్పుకి కన్నం పెట్టి ఉంచేవారని, ఆకాశం కనపడటానికే అలా చేశారని వర్రో రాశాడు. కప్పు కింద నిలబడి ఆయన మీద ఒట్టు వేయకూడదని కొందరంటారని కూడా చేర్చాడు. అంటే వాళ్ల లెక్కలో పైన ఆకాశం తెరిచి ఉంటేనే ఒట్టు చెల్లుతుంది. పేరుకి అర్థం ఇంతకంటే ఎలా చూపిస్తారు?

రోమ్‌లో మార్స్‌ని కొలిచే సలీ పూజారుల పాత పాటలో ఆయనకి ‘లూకెతియుస్’ అని మరో పేరు. ‘లూక్స్’ అంటే వెలుగు. సంస్కృతంలో రుచ్, రోచిస్సు దాని చుట్టాలు. పిడుగు, వాన, గెలుపు, రాజ్యం, ఇవన్నీ తర్వాత చేరిన బాధ్యతలు. పేరులో ఉన్నది వెలుతురున్న ఆకాశం ఒక్కటే, పిడుగు ఎక్కడా లేదు.

సంధ్యక్షరం:
చివరగా రెండు. తెలుగులో ఎలా రాయాలి? ఇంకో లాటిన్ దేవత పేరు చేతికి వస్తే ఏ వరుసలో పరీక్షించాలి?

పదమూలం:
గ్రహానికీ, వార్తలకీ ‘జూపిటర్’ ఉంచండి, అందరికీ తెలిసిన మాట. లాటిన్ గురించి రాసేటప్పుడు ‘యుప్పితెర్’. ఆ భాషలో ‘జ’ ధ్వని లేదు, ‘య’ ఉండేది. ఒకే అక్షరం (I) ‘ఇ’ అచ్చుకీ ‘య’ హల్లుకీ వాడేవారు. హల్లుని తోక పొడిగించిన వేరే అక్షరంగా (J) విడదీయాలని 1524లో ఇటలీలో త్రిస్సినో అనే రచయిత ప్రతిపాదించాడు. ‘ట’ కూడా ఇంగ్లీషు నుంచి మనం తెచ్చుకున్నదే. లాటిన్‌ది పళ్లకి తగిలే ‘త’, మన ‘త’యే.

పరీక్షకి ‘యూనో’ తీసుకుందాం, అంటే జూపిటర్ భార్య జూనో. మొదట చేయాల్సింది ప్రథమని పక్కన పెట్టి షష్ఠి చూడటం: ‘యూనోనిస్’. అందులో ‘యొవ్’ లేదు. ఇక్కడే ‘యొవ్‌కి స్త్రీలింగం యూనో’ అనే ఊహ సగం కూలుతుంది. తర్వాత పాత రాతల్లో ముందు ‘ద’ ఉందేమో వెతకాలి. దియొవిస్ దొరికినట్టు ‘దియూనో’ దొరకదు. మిగతా సగమూ పోయింది. అప్పుడు ‘యూన్’ ఉన్న ఇతర లాటిన్ మాటలు చూడాలి. ‘యువెనిస్’ (పడుచువాడు), దాని తారతమ్య రూపం ‘యూనియొర్’ (ఇంకా చిన్నవాడు). యువెన్ కుదించుకుపోయి యూన్ అయింది. పొరుగు భాషల్లో అదే కుదింపు ఉందా అన్నది ఆఖరి మెట్టు.

స్వరితం:
ఉంది. యువన్ శబ్దం: యువా, యువానౌ, యువానః. షష్ఠి ఏకవచనం ‘యూనః’.

లాతియం:
యూనోకి యౌవనంతోనే సంబంధమని ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునేది ఆ కుదింపు చూసే. రోమ్‌లో ప్రతి స్త్రీకీ తనదైన ‘యూనో’ ఉండేది, పురుషుడికి ‘గెనియుస్’ ఉన్నట్టు. అది ఆమెలోని ప్రాణశక్తి పేరు. వేటదేవత దియానకి మాత్రం షష్ఠి, పాత రాతలు అన్నీ చూస్తే ‘దీవ్’ బయటపడుతుంది. అది ఆకాశం వైపు పదమే. ఈసారి దాన్ని మీరు విడదీసి ఇక్కడ పెట్టండి సంధ్యక్షరం గారూ, తప్పులుంటే చూస్తాం.